ముందు ఆ రిబ్బన్ విప్పండి

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు శ్రీ ప్రెస్కాట్ లైల్ గారికీ, బీమా కంపెనీ నుంచి పనిగట్టుకుని వచ్చిన పెద్దమనిషికీ, ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని బిక్కమొహాలతో కూర్చున్న మా మెకానిక్కులకూ, టామరాక్ ఫ్లాట్స్ ఊరి పెద్దలకూ, పొద్దున్నే లేచి వంటలు చేసి మోసుకొచ్చిన అమ్మలకూ, నలభై ఏళ్లుగా నా నోటిదురుసు భరించిన మిత్రులందరికీ వెర్నా హల్వర్సన్ నమస్కారాలు. నన్ను నీలం గౌనులో చూడటం మీలో సగంమందికి ఇదే మొదటిసారి. నాకూ అంతే. (నవ్వులు)

ఉద్యోగ విరమణకు నాకు బహుమతిగా ఇచ్చిన ఈ గోడగడియారం చాలా బాగుంది. ఇప్పుడే చూశాను, మూడున్నర అయింది. మీరు అచ్చు వేయించిన కాగితం ప్రకారం నాకు పది నిమిషాలు, తర్వాత కాఫీ, ఆ తర్వాత... ఉండండి, కళ్లజోడు పెట్టుకుని చదువుతాను. ‘నాలుగు గంటలకు: శ్రీ లైల్ గారు స్వహస్తాలతో ముప్పై ఏడో నంబరు విమానం ఇంజన్లను ప్రారంభించుట. ఫొటోలు.’ ఈ ఒక్క వాక్యం గురించే ఇవాళ నేను మాట్లాడబోతున్నాను. మధ్యలో పాత కథలు వస్తాయి, కాస్త ఓపిక పట్టండి, ఎక్కడికి పోయినా మళ్లీ ఈ వాక్యం దగ్గరికే వస్తాను.

లైల్ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ‘కాలం చెల్లిన యంత్రాలను కన్నబిడ్డల్లా చూసుకున్న మనిషి’ అన్నారు. అయ్యా, సంతోషం. కానీ కాలం చెల్లినవని ఎవరు చెప్పారు మీకు? మొన్న జూలైలో లార్చ్ క్రీక్ కొండ అంటుకున్నప్పుడు మీ కొత్త జెట్లు రెండూ పొగలో దిగువ కనబడటం లేదని వెనక్కి తిరిగొస్తే, ఆ లోయలోకి దూరి మంటల మీద ఎర్రమందు పోసి వచ్చింది ఎవరు? ఈ కాలం చెల్లిన ముప్పై ఏడే కదా! మంటలు ఆర్పేటప్పుడు మహాతల్లి, ఫొటోలు తీసేటప్పుడు పాత ఇనుమా? క్షమించాలి, గొంతు పెరిగింది. ఇంకా పెరుగుతుంది.

నేను పంతొమ్మిదివందల డెబ్భై నాలుగులో ఇక్కడ చేరాను. మొదట నాకు విమానం ముట్టుకోనివ్వలేదు. మంటల మీద పోసే ఎర్రమందు కలిపే గుంట దగ్గర నిలబెట్టారు. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఆ పొడీ నీళ్లూ కలపడం, గొట్టంతో విమానాల కడుపు నింపడం, అవి లేచిపోయాక ఆకాశం కేసి చూస్తూ తిట్టుకోవడం. ఆ ఎరుపు ఒంటికి పట్టిందంటే వారం దాకా వదలదు. నా పెళ్లి ఫొటోలో నా చెవులు చూసి మా అత్తగారు, ‘పిల్లకి సిగ్గెక్కువలా ఉందే’ అని మురిసిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లలో ఆవిడకి మళ్లీ ఆ మాట అనే అవసరం రాలేదు. (నవ్వులు)

అప్పుడు ఈ మైదానంలో పదకొండు విమానాలుండేవి. అన్నీ యుద్ధం నాటివో, యుద్ధమైన కొత్తలో జనాన్ని మోసినవో. ఒకదాని కడుపులో బాంబులుండే చోట మందు తొట్టి పెట్టారు, ఇంకోదాంట్లో సీట్లు పీకేసి పెట్టారు. మన ముప్పై ఏడు జనాన్ని మోసిన బండే. దాని నేల పలకలు విప్పినప్పుడు నాకు ఓ దువ్వెనా, ఎవరిదో పిల్లవాడి పాలపన్నూ దొరికాయి. ఆ పన్ను అరిగిపోయిన సీసం గుండులా ఉండేది. ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది, ఆ పిల్లాడు వచ్చి అడిగితే ఇచ్చేస్తాను, ఇప్పుడు డెబ్భై ఏళ్లుంటాయేమో.

ఇక ఆ నూనె సంగతి. ఈ గుండ్రటి ఇంజన్లు నూనె కారుస్తాయి. కారాలి. పొద్దున రాగానే ఇంజన్ కింద నూనె మడుగు కనబడితే మేం హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఓరోజు కారడం మానేసిందంటే అప్పుడు గుండె దడ, ఎందుకంటే లోపల నూనె అయిపోయిందన్నమాట. ఇవాళ వచ్చి చూద్దును కదా, ముప్పై ఏడు కింద ఎర్ర తివాచీ! దాని మీద ట్రేలు! ఇంజన్ల పొట్టలు సబ్బు పెట్టి తుడిచారు! ‘ఫొటోల్లోకి మరకలు రాకుండా ఈ కారడం ఒక్కరోజు ఆపలేమా’ అని ఎవరో అడిగారట. ఎవరో నేను చెప్పను, ఆయన నా ఎడమచేతి పక్కనే కూర్చున్నారు. (పెద్దగా నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. కానీ ఆ గోడ మీద ఉండాల్సిన దుప్పటి ఏది? ఎనభై ఎనిమిదిలో మన పైలట్ ఆర్లో బెక్‌స్ట్రాండ్ ముప్పై ఏడుతో ఒక ఇంటి నెత్తి మీదుగా మందు గీత గీసి మంటను ఆపాడు. ఆ ఇంటావిడ దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటి మందు పడి గులాబీ రంగుకి తిరిగింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదట. దాన్ని మడతపెట్టి, ‘ఇల్లు మిగిలింది, దుప్పటి మీది’ అని చీటీ రాసి మనకు పంపింది. ఇరవై ఆరేళ్లు ఆ గోడ మీద ఉంది. ఇవాళ ఆ చోట కంపెనీ జెండా వేలాడుతోంది. దుప్పటి ఏదని అడిగితే, ‘ఆ పాత గుడ్డా? సామాన్ల గదిలో పడేశాం’ అన్నారు. పడేశారట! నేను దాన్ని తెచ్చుకున్నాను, ఇదిగో, ఈ సంచిలో ఉంది. నాకు అసలైన బహుమానం ఇది.

సరే, అసలు సంగతికి వస్తాను. మీ అందరికీ తెలిసిందే, రేపు పొద్దున ఆర్లో ముప్పై ఏడును కొండలు దాటించి మ్యూజియానికి తీసుకెళ్లాలి. ఇవాళ బీమా ఆయన కళ్లెదుట నాలుగు ఇంజన్లూ సవ్యంగా తిరిగితేనే రేపటి ప్రయాణానికి సంతకం పెడతారు. పెట్టకపోతే సోమవారం కోతమిషన్లు వస్తాయి, ముక్కలు చేసి తీసుకుపోతాయి. అందుకని ఇవాళ ఇంజన్లు తిరగాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. ఎలా తిరగాలన్నదే నా గొడవ.

మిగిలిపోయిన సెలవులు వాడుకోవాల్సిందేనని నన్ను తొమ్మిది రోజులు బలవంతంగా ఇంట్లో కూర్చోబెట్టారు. ఇవాళ వచ్చి బయట ముప్పై ఏడును చూశాను. నాలుగు ప్రొపెల్లర్లకీ ఎర్ర రిబ్బన్లు, ఒక్కోదానికి చెంబంత ముడి. మనసులో ఏదో కీడు శంకించి మా మార్సీని పక్కకి పిలిచాను. మార్సీ రేపట్నుంచి నా చోట పెద్ద మెకానిక్కు.

‘ఏమే, ప్రొపెల్లర్ రెక్కలు తిప్పారా?’ అన్నాను.

‘లేదక్కా.’

‘ఎప్పట్నుంచి?’

‘నువ్వెళ్లిన దగ్గర్నుంచి. రిబ్బన్లు మొదటి రోజే కట్టేశారు. తిప్పితే ముడులు పాడవుతాయి, ఫొటోలయ్యేదాకా ప్రొపెల్లర్ల మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. నేను రెండుసార్లు చెప్పానక్కా, వినిపించుకోలేదు.’

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా లైల్ గారి దగ్గరికి వెళ్లి, రెక్కలు చేత్తో తిప్పందే ఇంజన్లు స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా, ‘వెర్నా గారూ, ఇవాళ మీరు అతిథి, పని మాటలెందుకు, హాయిగా కూర్చుని భోంచెయ్యండి’ అన్నారు. నేను మళ్లీ చెప్పాను. ‘అంత అవసరమైతే ఆ యంత్రం తయారుచేసినవాళ్లు దానికీ ఓ బటన్ పెట్టి ఉండేవారు కదా’ అని నవ్వారు. నేను నవ్వలేదు. భోంచెయ్యనూ లేదు. దుప్పి మాంసం కూర చల్లారిపోయింది, వండినావిడ నన్ను క్షమించాలి.

బీమా ఆయన నా కేసి అయోమయంగా చూస్తున్నారు, ఆయన కోసం చెబుతాను. ఈ ఇంజన్‌లో సిలిండర్లు వరసగా ఉండవు, పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి. బండి ఊరికే నిలబడి ఉంటే నూనె మెల్లగా దిగి, దిగి, అడుగున తలకిందులుగా ఉన్న సిలిండర్లలో చేరుతుంది. గాలినైతే పిస్టన్ నొక్కేస్తుంది. నూనె నొక్కుడుపడే వస్తువు కాదు. అలాంటప్పుడు బటన్ నొక్కారనుకోండి, లోపల పిస్టన్‌ను తోసే కడ్డీ వంగుతుంది. అందుకని స్టార్ట్ చేసేముందు మనుషులు చేత్తో ప్రొపెల్లర్ రెక్కల్ని ఒక్కొక్కటిగా తిప్పాలి. పన్నెండు రెక్కలు దాటాలి, అవే రెక్కలు మళ్లీ మళ్లీ వచ్చినా లెక్కే. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగి, కింది ప్లగ్గు విప్పి, నూనె వంపేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంతే. దీనికి చదువక్కర్లేదు, చేతులూ ఓపికా ఉంటే చాలు.

కడ్డీ వంగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుందా అంటారు. ఆగిపోతే నేను ఇంత గొంతు చించుకోను! చాలాసార్లు ఆగదు. చక్కగా తిరుగుతుంది. పొగ వస్తుంది, చప్పుడు వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, బీమా ఆయన సంతకం పెడతారు. ఆ వంగిన కడ్డీ మర్నాడు, గాలిలో ఉండగా, బరువు పడ్డప్పుడు విరుగుతుంది. నాలుగు ఇంజన్లున్నాయి కదా, ఒకటి పోతే ఏమవుతుందని లైల్ గారు అడిగారు. ఆ నాలుగూ ఒక్కచోటే తొమ్మిది రోజులు నిలబడ్డాయండీ. నాలుగింటికీ రిబ్బన్లు కట్టారండీ. పై పటారం లోన లొటారం అంటే ఇదే.



ఇదంతా నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. మూడో వరుసలో తెల్ల స్వెటర్‌తో కూర్చున్న ఇంగా లోఫ్‌గ్రెన్ గారిని, ఈ మాట చెప్పొచ్చా అని భోజనాల దగ్గరే అడిగాను. ‘చెప్పకపోతే నేనే లేచి చెబుతా’ అంది. అందుకని చెబుతున్నాను.

డెబ్భై ఎనిమిది ఆగస్టు. నేను మెకానిక్కునై రెండేళ్లు. నాలుగు రోజులు వాన కురిసి విమానాలన్నీ నిలబడిపోయాయి. అయిదో రోజు పొద్దున వాన లేని పిడుగులు పడి ఆవలి కొండ అంటుకుంది. గంట మోగింది. గంట మోగిన పది నిమిషాల్లో లేవకపోతే వచ్చే వేసవికి సర్కారు వాళ్లు మమ్మల్ని పిలవరని అప్పటి మా యజమానికి భయం. ఆయన గడియారం చేత్తో పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. ఇరవై రెండో నంబరు ఒంటి ఇంజన్ బండి, ఒక్కడే పైలట్, ఇంగా భర్త నిల్స్. లోపల కూర్చుని నాకేసి చూసి బొటనవేలు ఎత్తాడు. నేను రెక్కలు తిప్పుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. యజమాని అరిచాడు, ‘చాలు వెర్నా, చాలు! ఇంకెంతసేపు ఆ పూజ? పక్కకి తప్పుకో!’ నేను తప్పుకున్నాను. తప్పుకోకూడదు. నాకు తెలుసు. అయినా తప్పుకున్నాను.

ఇంజన్ బ్రహ్మాండంగా తిరిగింది. నిల్స్ లేచాడు. మొదటిసారి మందు పోసి వచ్చాడు, రెండోసారి నింపుకుని వెళ్లాడు. రెండోసారి కొండ ఎక్కుతుండగా కడ్డీ విరిగింది. ఒక్కటే ఇంజన్.

విచారణ జరిగింది. కాగితంలో ఏం రాశారో తెలుసా? ‘ఇంజన్ వయసు మీరడం వల్ల.’ వయసు! ఆ ఇంజన్‌ని అంతకుముందు నెలలోనే విప్పి, ఒక్కో బోల్టూ తుడిచి బిగించాం! వయసు చంపలేదు నిల్స్‌ని, తొందర చంపింది. మా యజమాని తొందర, నా పిరికితనం. ఆనాటి నుంచీ నాకు ఒక మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎక్కడ ఏ బండి కూలినా ‘ముసలి విమానాలు కదా’ అంటారు. ఎంత సుళువో చూడండి ఆ మాట! ఎవరూ తప్పు చేసినట్టు కాదు, ఎవరికీ నిద్ర చెడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాట అటుంచి, కాలినవి చేతులేనని కూడా ఒప్పుకోరు!

ఆ చలికాలం నేను ఇంగా ఇంటికి వెళ్లి వంటింట్లో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వేసవిలో కోసి ఎండబెట్టిన హకిల్‌బెర్రీ అడవిపళ్లు ఏరుతోంది, చెయ్యి ఆపలేదు. ‘ఎన్ని తిప్పావు?’ అంది. ‘అయిదు’ అన్నాను. గిన్నె నిండేదాకా ఏరుతూ కూర్చుంది. నేను లేచి తలుపు దాకా వచ్చేశాక వెనక నుంచి అంది: ‘నిన్ను క్షమించానని చెప్పను. కానీ ఇకమీదట నువ్వు లెక్కపెడుతుంటే దేవుడు దిగొచ్చి మాట్లాడినా ఆగకు.’

మన మైదానంలో ఆచారం అలా పుట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని ఓ సరదా ఆట అనుకుంటారు. రెక్కలు తిప్పేటప్పుడు పైకి లెక్కపెట్టాలి. లెక్క మొదలయ్యాక ఎవరూ నోరు మెదపకూడదు. ఎవరైనా మాట్లాడితే మళ్లీ ఒకటి నుంచి మొదలు, మాట్లాడినవాడు అందరికీ హకిల్‌బెర్రీ ‘పై’, అదే ఆ పళ్లు కూరి కాల్చే తీపి రొట్టె, స్వయంగా చేసి తేవాలి. గంట మోగనీ, కొండ కాలనీ, పెద్ద ఆఫీసరే రానీ. ఒకసారి రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చిన ఓ అధికారి ఏడు దగ్గర ‘ఇంకెంతసేపు?’ అన్నాడు. మర్నాడు భార్య చేత ‘పై’ చేయించి పంపించాడు. స్వయంగా చెయ్యలేదని తిప్పి పంపాం. (నవ్వులు) ముప్పై ఆరేళ్లు. ఆ తర్వాత ఈ మైదానంలో కడ్డీ విరిగి ఒక్క బండి పడలేదు. ఆ లెక్క మీ కార్యక్రమం కాగితంలో లేదు లైల్ గారూ. జెట్లకి అక్కర్లేదు కాబట్టి మీకు తెలియదు, ఒప్పుకుంటాను. తెలియకపోవడం తప్పు కాదు. మార్సీ రెండుసార్లు చెబితే వినకపోవడం తప్పు.

ఆర్లో, నువ్విటు చూడు. పది నిమిషాల కిందట వచ్చావు కదా, రెక్కలు తిప్పామని నీతో ఎవరైనా చెప్పారా?

(హాలులోంచి ఆర్లో: ‘అంతా సిద్ధం అన్నారు వెర్నా. తిప్పే ఉంటారనుకున్నా.’)

విన్నారా? అంతా సిద్ధమట! డెబ్భై ఒక్కేళ్ల మనిషి, తుంటికి ఆపరేషన్ అయినవాడు, రేపు ఆ కొండల మీదుగా వెళ్లేవాడు, ‘అంతా సిద్ధం’ అన్న మాట నమ్మాడు. నిల్స్ కూడా నన్ను నమ్మే బొటనవేలు ఎత్తాడు.

(ఆర్లో: ‘నేను ఎక్కను. తిప్పందే ఎక్కను.’)

ఎక్కకపోతే దాన్ని కోసేస్తారు నాయనా. నువ్వు ఎక్కాలి, అది ఎగరాలి, అందుకే నోరు చేసుకుంటున్నాను. కూర్చో, తుంటి జాగ్రత్త.

లైల్ గారు గడియారం చూస్తున్నారు. నేనూ నా కొత్త గడియారమే చూస్తున్నాను. మూడూ యాభై. అప్పుడూ ఒకాయన గడియారం పట్టుకునే నిలబడ్డాడు, అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇవాళ అయిదింటికి నా ఉద్యోగం ఎలాగూ పోతోంది. ఇంకేం చేస్తారు నన్ను? (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు వద్దు, చేతులు కావాలి. నాలుగు ఇంజన్లు, ఇంజన్‌కి పన్నెండు, నలభై ఎనిమిది రెక్కలు. కింది ప్లగ్గులు విప్పాల్సి వస్తే ఇంకాస్త ఆలస్యం. బీమా ఆయన నాలుగున్నర దాకా ఉంటారు కదండీ? తల ఊపారు, చల్లగా ఉండండి. మార్సీ, స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయో లేదో నువ్వే ఎక్కి చూడు, ఇంకెవరి మాటా నమ్మకు. ఇస్త్రీ చొక్కాలు పాడవుతాయని ఏడవకండి, నా గౌను కూడా పాడవుతుంది. లైల్ గారూ, మీ మీద కోపం ఉంది, దాచను. కానీ మీకు భుజాలున్నాయి, కోటు విప్పి మొదటి ఇంజన్ దగ్గరికి నాతో రండి. రేపు మీరు మీ జెట్లకు పెద్ద కావచ్చు, ఆ పన్నెండూ తిప్పితే మాత్రం మా మనిషి అవుతారు. ముందు ఆ రిబ్బన్లు విప్పండి.

(ఇంగా లోఫ్‌గ్రెన్ లేచి నిలబడ్డారు. ఆమె వెనక ఒక్కొక్కరే లేచారు.)

లెక్క మొదలయ్యాక మాట్లాడకూడదు కాబట్టి చెప్పాల్సినవన్నీ ఇప్పుడే చెప్పేస్తాను. వండిపెట్టిన అమ్మలకు, నన్ను మనిషిని చేసిన మెకానిక్కులకు, నాతో ఉన్నదున్నట్టు మాట్లాడిన ఇంగాకు, ఎక్కిన ప్రతిసారీ తిరిగొచ్చిన ఆర్లోకు, తిరిగిరాని నిల్స్‌కు నా కృతజ్ఞతలు. నన్ను తిట్టుకున్నవాళ్లకి కూడా. నాకు ఈ ముసలి బండ్లంటే ప్రాణం, అది మీకు తెలిసిందే. ఇంక నా దగ్గర మాటల్లేవు. సెలవు.

(మైకు బల్ల మీద పెట్టి, గులాబీ రంగు దుప్పటి నడుముకు చుట్టుకుని బయటికి నడిచారు. సభంతా వెనకే కదిలింది. లైల్ గారు కోటు కుర్చీకి తగిలించి వెళ్లారు. బయట కెమెరా పెట్టుకుని ఇందాకట్నుంచీ కాచుకుని ఉన్న ఫొటో ఆయనకు లోపలి మాటలేవీ వినబడలేదు. రిబ్బన్లు విప్పారు. మార్సీ విమానం కిటికీలోంచి, ‘స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయి’ అని అరిచింది. వెర్నా ఒక పక్క, లైల్ గారు ఒక పక్క రెక్క పట్టుకున్నారు.)

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

(ఫొటో ఆయన: ‘మేడమ్, ఒక్క నిమిషం ఆగి ఇటు చూసి నవ్వండి!’

లైల్ గారు రెక్క వదలకుండానే అతని కేసి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.)

ఒకటి.